మెషిన్ రిపేరుకు పాత పార్టు వేయాలా, కొత్తది కొనాలా?

మా వాషింగ్ మెషిన్ ఒక రోజు నీళ్లు వదలడం మానేసింది. నీళ్లు నిండుతున్నాయి, డ్రమ్ము తిరుగుతోంది, కానీ మురికి నీళ్లు బయటికి పోవడం లేదు. విప్పి చూస్తే డ్రెయిన్ పంపు కాయిల్ కాలిపోయి ఉంది. డ్రమ్ము బేరింగులు అరిగిపోయి పక్కన పెట్టేసిన ఇంకో మెషిన్ ఇంట్లోనే ఉంది, అది వేరే కంపెనీది. దాని పంపు తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. స్క్రూల మధ్య దూరం ఒకటే, వోల్టేజి ఒకటే, వాట్లు ఒకటే, పైపు మూతి కొలత కూడా ఒకటే. గంటలో పని అయిపోయింది. ఆ పంపు తర్వాత నాలుగేళ్లు నడిచింది.

అదే ధైర్యంతో కొన్ని నెలల తర్వాత ఒక పాత బోర్డులోంచి పీకిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ని (చార్జిని నిల్వ ఉంచే చిన్న డబ్బా లాంటి పార్టు) ఇంకో బోర్డులో వేశాను. మూడు వారాలకు దాని తల ఉబ్బింది. పోతూ పోతూ పక్కనున్న రెగ్యులేటర్‌ని, అంటే బోర్డు వోల్టేజిని నిలకడగా ఉంచే పార్టును కూడా పాడుచేసింది. పంపూ పాతదే, కెపాసిటరూ పాతదే. ఒకటి ఎందుకు నిలబడింది, రెండోది ఎందుకు నిలబడలేదు అన్నది ఆ తర్వాత చాలా మెషిన్లు విప్పాక గానీ నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఇప్పుడు ఏ పాత పార్టు చేతిలోకి తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. వాడకుండా పక్కన పడి ఉన్నా ఇది కాలంతో పాటు క్షీణించే రకమా? రేపు ఇది పోతే మెషిన్ ఊరికే ఆగిపోతుందా, లేక మంటో షాకో తెచ్చిపెడుతుందా? క్షీణించని రకం అయి, పోయినా మెషిన్ ఆగిపోవడంతో సరిపోయేదైతే, పాతది నిశ్చింతగా వేయొచ్చు. ఈ రెండిట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా కొత్తదే కొనాలి. డ్రెయిన్ పంపు రెండు ప్రశ్నలూ దాటింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

మన ముందుండే దారులు

అదే మోడల్ మెషిన్ నుంచి తీసిన పార్టు, వేరే మోడల్ నుంచి తీసి సరిపెట్టే పార్టు, కంపెనీ ఒరిజినల్ కొత్త పార్టు, వేరేవాళ్లు తయారుచేసే కంపాటిబుల్ కొత్త పార్టు. దాదాపు ప్రతి రిపేరూ ఈ నాలుగింట్లో ఒకదానితోనే ముగుస్తుంది.

అదే మోడల్ దొరికితే కొలతలు, కనెక్టర్లు, వైర్ల పొడవు అన్నీ కలుస్తాయి. కాకపోతే ఒక చిక్కు ఉంది. ఆ మోడల్‌కు ఉన్న బలహీనత కూడా రెండిట్లోనూ ఒకటే. మీ మెషిన్‌లో ఐదేళ్లకు పోయిన రిలే (కాయిల్‌తో పనిచేసే చిన్న స్విచ్), ఆ పాత మెషిన్ నుంచి తీసిన బోర్డులో కూడా ఐదేళ్లు పనిచేసే ఉంటుంది. అందుకే పాత మెషిన్‌ని విప్పే ముందు దాన్ని ఎందుకు పక్కన పెట్టారో తెలుసుకోండి. బేరింగులు పోయి పక్కన పెడితే దాని బోర్డు, పంపు, వాల్వులు మంచి స్థితిలో ఉండే అవకాశం ఎక్కువ. కరెంటు ఎక్కువగా వచ్చి కాలిపోయిందంటే బోర్డు మీద ఏ పార్టునూ నమ్మలేం. నీళ్లు కారి పాడైందంటే బోర్డు మీద, కనెక్టర్ల లోపల పచ్చటి చిలుము ఉందేమో వెతకాలి.

వేరే మోడల్ పార్టు విషయంలో నేను పెట్టుకున్న హద్దు ఒకటుంది. మెషిన్ బాడీకి కొత్త రంధ్రం వేయాల్సి వస్తే, లేదా ఇన్సులేషన్ కోయాల్సి వస్తే, ఆ పార్టు సరిపోనట్టే లెక్క.

ఒరిజినలా, కంపాటిబులా అనే ప్రశ్నకు జవాబు పార్టును బట్టి మారుతుంది. బేరింగుకు నంబరు ఉంటుంది. 608 అంటే లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. ఎవరు తయారుచేసినా కొలత మారదు. వాషింగ్ మెషిన్ బెల్టు మీద 1270 జె5 అని ఉంటే పొడవు 1270 మిల్లీమీటర్లు, గీతలు ఐదు. ఇలా నంబరుతో కొలత తెలిసిపోయే వాటికి మంచి కంపాటిబుల్ చాలు. తలుపు రబ్బరు, కంట్రోల్ బోర్డు, థర్మోస్టాట్ లాంటి వాటికి ఒరిజినలే వెతుకుతాను. బేరింగులు మాత్రం పాతవి ఎప్పుడూ వేయను. వాటిని షాఫ్టు మీద నుంచి లాగి తీయడంలోనే లోపలి గోళీలు కూర్చునే గాడి దెబ్బతింటుంది.

కెపాసిటర్లు: అన్నీ ఒక రకం కావు

ఇంటి మెషిన్లలో ఎక్కువగా పోయేదీ, ఎక్కువగా తప్పుగా వేసేదీ ఇదే. కండెన్సర్ అని పిలిచినా ఇదే వస్తువు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఎలక్ట్రోలిటిక్ రకం లోపల ద్రవం ఉంటుంది. అది మెల్లగా ఆరిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా ఆరిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. పైన 105 డిగ్రీలు, 2000 గంటలు అని రాసి ఉంటే ఆ వేడి దగ్గర దాని జీవితం అంతేనని అర్థం. పాతదాని ఎన్ని గంటలు ఏ వేడిలో గడిచిపోయాయో మీకు తెలియదు. సాధారణ మీటర్‌తో (మల్టీమీటర్‌తో) కొలిస్తే మైక్రోఫ్యారడ్లు సరిగ్గానే చూపించవచ్చు, కానీ లోపలి నిరోధం పెరిగిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఈఎస్ఆర్ మీటర్ కావాలి. పైగా కరెంటు తగలకుండా ఏళ్లు పడి ఉంటే లోపలి ఆక్సైడ్ పొర కూడా బలహీనపడుతుంది. ఇంత చిన్న వస్తువు కోసం ఇంత అనుమానం ఎందుకు? కొత్తది వేయండి. అదే మైక్రోఫ్యారడ్, అంతకు సమానం లేదా ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల రకం.

ఫ్యాను, వాషింగ్ మెషిన్, నీళ్ల మోటారు పక్కన ఉండే రన్ కెపాసిటర్, అంటే మోటారు తిరిగినంతసేపూ పనిచేసేది, వేరే రకం. అది ప్లాస్టిక్ ఫిల్ము మీద పలచటి లోహపు పూత వేసి చుట్టింది. ఎక్కడైనా చిన్న రంధ్రం పడితే చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి తనను తాను బాగుచేసుకుంటుంది. కానీ అలా జరిగిన ప్రతిసారీ విలువ కొంచెం తగ్గుతుంది. ఫ్యాను ఏళ్ల తరబడి మెల్లమెల్లగా నెమ్మదిస్తూ వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. 2.5 మైక్రోఫ్యారడ్ ఉండాల్సింది 1.6కు పడిపోయి ఉంటుంది. ఈ రకం పాతది దొరికితే మీటర్‌తో కొలవండి. పైన రాసిన విలువకు ఐదు శాతం లోపల ఉంటే, డబ్బా ఉబ్బకుండా ఉంటే, కొత్తది వచ్చేదాకా నడిపించుకోవచ్చు. దాని మీద జీవితకాలపు తరగతి కూడా ఉంటుంది. ఏ అంటే 30,000 గంటలు, బీ అంటే 10,000, సీ అంటే 3,000, డీ అంటే 1,000. కొత్తది కొనేటప్పుడు చాలామంది ఈ అక్షరం చూడరు. అది చూసి కొంటే మళ్లీ నిచ్చెన ఎక్కాల్సిన పని చాలాకాలం పడదు.

ఫ్యాను స్పీడు పెరుగుతుందని ఎక్కువ మైక్రోఫ్యారడ్ వేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మోటారు లోపలి రెండో వైండింగులో (తీగచుట్టలో) కరెంటు పెరిగి మోటారు వేడెక్కుతుంది. కొన్నాళ్లు బాగా తిరిగినట్టే ఉంటుంది, తర్వాత వైండింగే పోతుంది. స్టార్ట్ కెపాసిటర్‌ని రన్ కెపాసిటర్ స్థానంలో అసలే పెట్టకూడదు. అది కొన్ని సెకన్ల పనికోసం చేసింది, ఎడతెగకుండా కరెంటు వెళితే పగిలిపోతుంది.

మూడో రకం ఎక్స్2. బోర్డు మీద పసుపు లేదా నీలం పెట్టెలా కనిపిస్తుంది, పైన 275 వోల్టులు అని ఉంటుంది. కొన్ని బోర్డులలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, మెయిన్స్ వోల్టేజిని తగ్గించే పని ఈ కెపాసిటరే చేస్తుంది. దీని విలువ తగ్గిపోతే డిస్‌ప్లే మసకబారుతుంది, రిలే టకటకా కొట్టుకుంటుంది, మెషిన్ ఆన్ అయినట్టే అయి ఆగిపోతుంది. బోర్డు మొత్తం పోయిందని మార్చేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ ఒక్క పార్టు మారిస్తే చాలాసార్లు ప్రాణం వస్తుంది. దీన్ని కూడా కొత్తదే వేయాలి, ఎక్స్2 అని రాసి ఉన్నదే వేయాలి. పక్కనే వై అని గుర్తు ఉన్న చిన్న నీలం బిళ్ల ఉంటే అది కరెంటు తీగకూ ఎర్త్‌కూ మధ్య ఉండేది. అది షార్ట్ అయితే మెషిన్ బాడీకి కరెంటు రావచ్చు. దాని విషయంలో పాతది అనే ఆలోచనే వద్దు.

మోటార్లు, మిక్సీ కార్బన్లు

మోటారు లోపలిదంతా రాగి, ఇనుము, వార్నిష్. అతిగా వేడెక్కి ఉండకపోతే ఇరవై ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తుంది. అందుకే పాత సామానులో నాకు అన్నింటికంటే ఇష్టమైనవి మోటార్లే. ముందు వాసన చూడండి. మాడిన వార్నిష్ వాసన ఒకసారి వచ్చిందంటే పోదు. తర్వాత మీటర్‌తో వైండింగులకూ బాడీకీ మధ్య చూడండి, అసలు కనెక్షన్ ఉండకూడదు. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే మీటర్) అందుబాటులో ఉంటే 500 వోల్టుల దగ్గర కనీసం ఒక మెగా ఓమ్ రావాలి, రెండు దాటితే ఇంకా మంచిది.

మిక్సీ, వ్యాక్యూమ్ క్లీనర్, డ్రిల్లు మోటార్లలో కార్బన్లు ఉంటాయి. ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) అదే మోడల్‌ది అయితే పాతది వేయొచ్చు. దాని మీద కార్బన్లు రుద్దుకునే కమ్యుటేటర్ రాగి పట్టీలను పక్కపక్కన ఉన్న జతలుగా కొలుచుకుంటూ వెళ్లండి, అన్ని చోట్లా రీడింగు ఇంచుమించు ఒకేలా రావాలి. పట్టీకీ షాఫ్టుకూ మధ్య కనెక్షన్ ఉండకూడదు. కార్బన్లు మాత్రం పాతవి వద్దు. ఒక కార్బన్ తను రుద్దుకున్న కమ్యుటేటర్ వంపుకు తగ్గట్టు అరిగి ఉంటుంది. దాన్ని ఇంకో కమ్యుటేటర్ మీద పెడితే అంచులు మాత్రమే తగులుతాయి, నిప్పురవ్వలు వస్తాయి, రాగి కూడా గీతలు పడుతుంది. కొత్త కార్బన్లు వేసినా మొదటి కొన్ని నిమిషాలు జార్ లేకుండా తక్కువ స్పీడులో తిప్పితే అవి ఆ వంపుకు కుదురుకుంటాయి.

డ్రెయిన్ పంపు చేత్తో తిప్పితే మధ్యమధ్య ఆగుతూ తిరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు పట్టేసిందనుకుని పక్కన పడేయబోయాను. అది లోపలి అయస్కాంతం లాగడం వల్లే. అలా ఆగుతూ తిరగడమే సరైన లక్షణం. కాయిల్ రీడింగు చూడండి, మా పంపులో 170 ఓమ్‌ల దగ్గర వచ్చింది. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టు.

వేడి చేసే మెషిన్లు

గీజరు, ఇస్త్రీపెట్టె, కెటిల్, అవెన్ ఎలిమెంట్ల లెక్క తేలిక. వోల్టేజిని వోల్టేజితోనే గుణించి వాట్లతో భాగిస్తే ఓమ్‌లు వస్తాయి. 230 వోల్టుల మీద 1000 వాట్ల ఎలిమెంట్ సుమారు 53 ఓమ్‌లు, 2000 వాట్లది 26 ఓమ్‌లు చూపించాలి. 115 వోల్టుల దేశం నుంచి తెచ్చిన మెషిన్ ఎలిమెంట్‌ని 230 మీద పెడితే నాలుగు రెట్ల వాట్లు లాగుతుంది. పాత ఎలిమెంట్ పడి ఉన్నప్పుడు లోపలి తెల్లటి పొడి గాలిలో తేమ పీల్చుకుంటుంది. బిగించగానే లీకేజీ బ్రేకర్ పడిపోతుంది. చాలాసార్లు ఎలిమెంట్ మంచిదే, సన్నటి వేడిలో ఆరబెడితే సరిపోతుంది.

ఎలిమెంట్ పాతది పర్వాలేదు గానీ, దానికి కాపలాగా ఉండే వాటి దగ్గర నేను రాజీపడను. థర్మల్ ఫ్యూజు ఒక్కసారే పనిచేసే వస్తువు. దాని మీద రాసిన డిగ్రీలు, ఆంపియర్లు తేడా రాకుండా కొత్తది వేయాలి. అది పోయినప్పుడు వైరుతో కలిపేసి నడిపించిన ఇస్త్రీపెట్టెలు, కుక్కర్లు నేను విప్పాను. లోపల ప్లాస్టిక్ కరిగి ఉంటుంది. ఆ ఫ్యూజు పోయిందంటే ఎక్కడో వేడి హద్దు దాటిందన్నమాట, ముందు ఆ కారణం వెతకండి. దానికి టంకం పెట్టకండి, ఆ వేడికే పోతుంది. క్రింప్ చేయాలి, అంటే చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించాలి.

వేడిని కొలిచే థర్మిస్టర్ విషయంలో చిన్న మోసం ఉంది. చాలావాటి విలువ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు. గదిలో కొలిస్తే పాతదీ కొత్తదీ ఒకటే అనిపిస్తాయి. వేడితో పాటు ఓమ్‌లు ఎంత మారతాయో చెప్పే బీటా విలువ ఒకదానికి 3435, ఇంకోదానికి 3950 అయితే వేడి పెరిగేకొద్దీ రెండూ దూరమవుతాయి, మెషిన్ వేడిని తప్పుగా చదువుతుంది. బీటా తెలియకుండా వేయకండి.

బోర్డులు, బోర్డు మీది పార్టులు

బోర్డు మొత్తం మార్చాలా, పార్టు మార్చాలా? బోర్డు మీద ఒక్కచోటే కాలిన గుర్తు ఉంటే పార్టు మార్చడమే మేలు. పాత బోర్డు దొరికినా, చూడటానికి ఒకేలా ఉన్నా, లోపలి సాఫ్ట్‌వేర్ వేరుగా ఉండొచ్చు. అంటించిన చీటీ మీది నంబరు చివరి అంకె దాకా కలవాలి.

డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ట్రయాక్‌లు (ఏసీ కరెంటును ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) ఊరికే పడి ఉంటే పాడవవు. 1ఎన్4007 డయోడ్, ఒక ఆంపియరు, 1000 వోల్టులది, ఏ పాత బోర్డులో చూసినా నాలుగైదు దొరుకుతాయి. మీటర్‌తో చూసి నిశ్చింతగా వాడుకోండి. ట్రయాక్ దగ్గర ఒక్క అక్షరం చూసుకోవాలి. బీటీఏ16 రకం లోహపు రెక్క లోపలి నుంచి ఇన్సులేట్ అయి ఉంటుంది. బీటీబీ16కీ బీటీ136కీ అలా ఉండదు, రెక్కలోనే మెయిన్స్ కరెంటు ఉంటుంది. బీటీఏ తీసిన చోట బీటీబీ వేసి నేరుగా హీట్‌సింక్‌కు (వేడిని లాగేసే లోహపు పలకకు) బిగిస్తే ఆ హీట్‌సింక్ మొత్తానికి కరెంటు వస్తుంది.

రిలేల విషయం ఇందుకు వేరు. లోపలి కాంటాక్టులు ప్రతిసారీ కొద్దికొద్దిగా కాలుతూ ఉంటాయి. ఒక రోజు అతుక్కుపోయి ఇక విడిపోవు. లైటు వేసే రిలే అతుక్కుంటే లైటు ఆరదు, అంతే. హీటర్ రిలే అతుక్కుంటే హీటరు ఆగదు. కాబట్టి హీటర్‌కు కొత్తది. అందులోనూ కాయిల్ వోల్టేజి 5, 12, 24 వీటిలో ఏదో, కాంటాక్టు ఆంపియర్లు ఏసీ లెక్కలో ఎంతో రెండూ చూడాలి.

పాత బోర్డు నుంచి పార్టు తీసేటప్పుడు టంకం కరగకపోతే ఎక్కువ సేపు కాల్చకండి. సీసం లేని టంకం 217 డిగ్రీల పైనే కరుగుతుంది, సీసం ఉన్నది 183 దగ్గర. ముందు కొంచెం సీసపు టంకం కలిపితే మొత్తం తేలిగ్గా కరిగి పార్టు దెబ్బతినకుండా వస్తుంది. గది గాలి ఆడేలా చూసుకుని, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

మెయిన్స్ తీగ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ 6 ఆంపియర్లకు, 1.5ది 16 ఆంపియర్లకు. మిక్సీ తీగ తీసి గీజరుకు పెట్టకూడదు. మూడు తీగలు ఉన్న చోట రెండు తీగలది అసలు వద్దు. ఇస్త్రీపెట్టెకు మామూలు ప్లాస్టిక్ తీగ కాకుండా వేడిని తట్టుకునేదే కావాలి.

విప్పకూడనివి

మైక్రోవేవ్ లోపల 2000 వోల్టుల పైనే తయారవుతుంది. ప్లగ్ తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు. లోపల మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్లలో కొన్నింటి పింగాణీలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, అది పగిలి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రమాదం. ఫ్రిజ్‌లో గ్యాసు పైపులు వదిలేయండి. ఆర్600ఏ అని రాసి ఉంటే లోపల ఉన్నది మండే వాయువు. ఫ్రిజ్ కంప్రెసర్ రిలే, డోర్ స్విచ్, ఫ్యాను వరకు ప్లగ్ తీసి చేసుకోవచ్చు. వాడేసిన లిథియం బ్యాటరీ సెల్స్‌ని ఇంటి మెషిన్లలో కలపడానికి కూడా నేను ఒప్పుకోను.

మిగతావి కూడా ప్లగ్ తీసేశాకే ముట్టుకోండి. 230 వోల్టుల ఏసీ డీసీగా మారాక సుమారు 325 వోల్టులు అవుతుంది, పవర్ సప్లయ్ పెద్ద కెపాసిటర్‌లో అంత నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కొన్ని సెకన్లు ఆనించి, మీటర్‌తో సున్నా దగ్గరికి వచ్చిందో లేదో చూశాకే చెయ్యి పెట్టండి.

మొదటిసారి స్విచ్ వేసే ముందు

పార్టు బిగించాక నేను నేరుగా ప్లగ్ పెట్టను. సిరీస్ బల్బు వాడతాను. పాతకాలం ఫిలమెంట్ బల్బు ఒకటి మెషిన్‌కు సిరీస్‌లో వస్తుంది, అంటే కరెంటు ఆ బల్బు గుండానే మెషిన్‌కు వెళ్తుంది. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మెషిన్‌కు ఏమీ కాదు. ఒకసారి వెలిగి మసకబారితే మంచి లక్షణం. ఎలిమెంట్ల మెషిన్లలో బల్బు ఎలాగూ వెలుగుతుంది, కాబట్టి ఆ పరీక్ష మోటార్లకూ బోర్డులకూ మాత్రమే. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. దీనికంటే ముందు, ప్లగ్ ఇంకా బయటే ఉన్నప్పుడు, ఎర్త్ పిన్నుకూ లోహపు బాడీకీ మధ్య మీటర్ దాదాపు సున్నా చూపించాలి. మిగతా రెండు పిన్నులకూ బాడీకీ మధ్య మెషిన్ స్విచ్‌ని ఆన్‌లో ఉంచి కొలిచినా ఏ కనెక్షనూ ఉండకూడదు.

ఇవేవీ చూసుకునే ధైర్యం లేకపోతే, మీటర్ చేతిలో లేకపోతే, టెన్షన్ పడుతూ చేయకండి. తెలిసిన మెకానిక్ దగ్గరికి పాత పార్టు కూడా పట్టుకెళ్లి ఇది పనికొస్తుందేమో చూడమని అడగండి. రెండు మూడు పార్టులు ఒకేసారి పోయి, బాడీ కూడా తుప్పు పట్టి ఉంటే ఆ మెషిన్‌ని ఇంకో దానికి పార్టుల కోసం ఉంచుకోవడమే నయం.

అలా ఉంచుకునేటప్పుడు మెషిన్ మొత్తం దాచకండి, చోటు చాలదు. విప్పే ముందు వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోలు తీయండి. మోటార్లు, పంపులు, వాల్వులు, స్విచ్చులు, స్క్రూలు, కనెక్టర్లు కాస్త వైరుతో సహా తీసి పెట్టండి. ప్రతిదానికీ ఒక చీటీ కట్టండి. ఏ మోడల్ నుంచి తీసింది, ఎప్పుడు తీసింది, మీటర్ ఎంత చూపించింది, ఆ మెషిన్‌ని ఎందుకు పక్కన పెట్టారు, ఈ నాలుగూ రాయండి. నా డబ్బాలో చీటీ లేని పార్టు కనిపిస్తే, మోటారైనా సరే, మళ్లీ మొదటి నుంచి అన్నీ కొలిచాకే దాన్ని వాడతాను.